మా ఊరి మీద తగ్గిన ఎండ

నన్నడిగితే ప్రతి ఊరికీ మనిషి లేని విమానం ఒకటి కావాలి. టౌన్ బస్సు లేకపోయినా సర్దుకోవచ్చు. కరెంటు వచ్చిపోతూ ఉన్నా ఓర్చుకోవచ్చు. ఈ విమానం లేని ఊరిని మాత్రం ఊరనడానికి నాకు నోరు రావడం లేదు!

మీ ఊళ్ళో ఇంకా లేదా? అయ్యో పాపం.

మాకు ఉంది. పాపిరెడ్డిపట్టి తాలూకాలో, ఏ. పళ్లిపట్టి నుంచి కాస్త లోపలికి వస్తే మా ఊరు. ఇంటింటికీ గవర్నమెంటు కలర్ టీవీ వచ్చిన ఏడాదే మాకు విమానమూ వచ్చింది. ఊరికి కాదు, సరిగ్గా మా చేనికి. మా మెట్ట చేను పొడుగ్గా, చెట్టన్నది లేకుండా, చాప పరిచినట్టుంటుంది. అందులో సామలు కూడా మొలవవని ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళే ఇప్పుడు దాన్ని రన్‌వే అంటున్నారు. పండని చేనికి ఇంత మర్యాద తెచ్చిన పథకం ఇంకొకటుంటే చూపించండి.

దాన్ని తెచ్చినాయన పేరు లోకనాథన్. చెన్నైలో పెద్ద శాస్త్రవేత్త. ఆయన వెంట చదువుకుంటున్న పిల్ల ఉషా, వ్యాను నడిపే మారిముత్తు. విమానం రెక్కలు విప్పితే రెండు నులక మంచాలంత. గొంతు మాత్రం తొప్పూరు కనుమ ఎక్కుతున్న టీవీఎస్ ఫిఫ్టీ మోపెడ్‌ది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఊరి నెత్తిన గిరగిరా తిరుగుతుంది. గాలిలో పొగ ఎంత, దుమ్ము ఎంత, వాటి వల్ల నేల మీదికి వచ్చే ఎండ ఎంత తగ్గుతోంది, మబ్బులు ఏమవుతున్నాయి, వానలు ఎందుకు మొరాయిస్తున్నాయి అన్నది తేల్చడం దాని పని. మనుషులెక్కే విమానం ఇంత కిందికి దిగి ఇంత నింపాదిగా తిరగలేదట. అందుకని మనిషి లేకుండా పంపిస్తారు. కింద కుర్చీలో కూర్చుని ఉషా నడుపుతుంది.

దాని వల్ల కలిగిన లాభాలు చెబుతాను, వినండి.

మా ఊరి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. గ్రద్ద అనుకుని రోజంతా గంప కిందే ముడుచుకుని కూర్చుంటున్నాయి. దాంతో కోళ్ళు పక్కింటి వడ్లు తిన్నాయన్న తగువులు ఊళ్ళో లేవు. మునియన్ ఎద్దు బెదిరి బండి లాగనన్నది. మునియన్‌కు విశ్రాంతి దొరికింది. మగవాళ్ళందరూ తల పైకెత్తి నడవడం వల్ల ఒకరిద్దరు కాలువలో పడ్డారు కానీ, ఎవరింటికి ఎవరొచ్చారని వాకిళ్ళలోకి తొంగి చూసే అలవాటు పోయింది. ఇన్నేళ్ళలో ఎవరి బోధ వల్లా ఇది సాధ్యం కాలేదు!

ఇక నా సంగతి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తమిళం అరివొళి అనే అక్షరాస్యత ఉద్యమం వాళ్ళ సాయంకాలపు బడిలో, తెలుగు మా కోడలు ధనలక్ష్మి దగ్గర. ఆమెది హోసూరు వైపు, తెలుగు బడిలో చదివింది. అంత ఆలస్యంగా చదువు వచ్చిన మనిషికి ఒక జబ్బు ఉంటుంది. తెలిసిందాన్ని వెంటనే నలుగురికీ చెప్పకపోతే అన్నం అరగదు. కాబట్టి భరించండి.

మొదటి రోజు ఆ విమానం లేస్తుంటే చుట్టూ చేరిన జనం ఏమడిగారో తెలుసా? లోపల మగవాడు లేడా? మరి ఎవరు నడిపిస్తున్నారు? ఎన్నాళ్ళు ఇట్లా? పడిపోదా?

నాకు నవ్వొచ్చింది. మా ఆయన పోయినప్పుడు మా ఇంటి ముందు నిలబడి వీళ్ళే, ఇవే మాటలు అడిగారు. విమానం చక్కగా తిరిగొచ్చి దిగింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ ఇన్నాళ్ళు పడకుండానే ఉన్నాను. చప్పట్లు ఆలస్యమవుతున్నట్టున్నాయి, ఫరవాలేదు.

ఆ చేను వాడుకోవచ్చా అని లోకనాథన్ గారు నన్నే అడిగారు. అది చెప్పుకోదగ్గ వింత. మా మరిది నారాయణసామి పక్కనే మీసం సవరించుకుంటూ నిలబడి ఉన్నాడు. ఈ ఊళ్ళో నా చేను గురించి ఎవరికి ఏం కావాలన్నా, నన్ను కాదు, పరాయి ఊళ్ళో పనిచేసే నా కొడుకును కాదు, ఆయన్నే అడుగుతారు. పాపం ఆ శాస్త్రవేత్తకు తెలియక, పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళను అడిగాడు! వాడుకోండి అనేశాను. ఆ ఒక్క ప్రశ్నకు మెట్ట చేనేమిటి, పక్కనున్న చెరకు తోట కూడా ఇచ్చేసేదాన్ని. ఇవ్వలేదు లెండి. మా బతుకంతా ఆ తోట మీదే.

తోటకు ఆనుకుని మా గానుగ కొట్టం. చెరకు ఆడించి, పెద్ద కొప్పెరలో రసం పోసి, చెరకు పిప్పి మంట పెట్టి బెల్లం కాస్తాం. పొంగలి పండుగ ముందు అమ్ముకునే బెల్లమే మాకు ఏడాది కూడు. ఇది గుర్తుపెట్టుకోండి, కథంతా ఆ పొయ్యి మీదే ఉడుకుతుంది.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు కొడవలికీ, నాగలికీ, పంపు సెట్టుకూ, ప్రైవేటు బస్సుకూ, సైకిలుకూ చందనం కుంకుమ పెట్టి, పొరి, అంటే మరమరాలు, పంచి, కర్పూరం వెలిగిస్తారు. తిరిగేదేదీ బొట్టు లేకుండా ఉండకూడదు. విమానానికి పెట్టకపోతే ఎట్లా అని మారిముత్తు పట్టుబట్టాడు. పెట్టకపోతే రేపు వ్యాను నడపనన్నాడు. లోకనాథన్ గారు నవ్వి, సరే, అయితే ఈ చేను అమ్మగారిది కాబట్టి ఆమే పెట్టాలి అన్నారు. అని పూజ పళ్ళెం తట్ట తీసి నా చేతిలో పెట్టారు.

నా పేరు సౌభాగ్యం. మా ఆయన పోయాక ఆ పేరు నాకు కొంచెం వదులైంది కానీ, రేషన్ కార్డులో మార్పించే ఓపిక లేక అట్లాగే తొడుక్కుని తిరుగుతున్నాను. పూజల్లో నా చోటు ఎక్కడో నాకు తెలుసు. వెనక, స్తంభం పక్కన. ఆ తట్ట పట్టుకునేసరికి మా మరిది గొంతు సవరించుకున్నాడు. ఆయన భార్య మునివెంకటమ్మ, అంటే మా తోడికోడలు, ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"అక్కా, తట్ట ఇట్ల ఇయ్యి. నీకెందుకు శ్రమ."

ఎంత ప్రేమ! నా చేనిలో కలుపు తీసే రోజుల్లో నా శ్రమ ఆమెకు ఎప్పుడూ గుర్తు రాలేదు. నేను విననట్టే పక్కకు తిరిగి, గిన్నెలో కుంకుమ, చందనం కలపడం మొదలుపెట్టాను.

అక్కడే నాకు తెలివి ఎక్కువైంది. సైకిలుకు పెట్టినట్టు నీళ్ళతో కలిపి పెడితే ఆకాశంలో గాలికి రాలిపోదా? మాట పడేది ఎవరు? అందుకని ఇంటి నుంచి నువ్వుల నూనె తెప్పించి, పసుపు కూడా చేర్చి, మెత్తగా మెదిపాను. రెక్కలకు పెట్టాను. ముక్కుకు పెట్టాను. వీపు మీద బోర్లించిన గాజు గిన్నె లాంటిదొకటి ఉంది. అచ్చం నుదురులాగే కనిపించింది. అన్నాళ్ళ తరువాత కుంకుమ గిన్నె చేతికి దొరికిన మనిషి నుదురు కనిపిస్తే ఊరుకుంటుందా? నిండుగా పెట్టాను. నా పెళ్ళికి కూడా అంత బొట్టు పెట్టలేదు ఎవరూ.

అది ఎండను కొలిచే అద్దమని నాకు తెలియదు. తెలిసిన లోకనాథన్ గారు అప్పటికే ఫోను రావడంతో పక్కకు వెళ్ళారు. ఆ సాయంకాలమే చెన్నైకి పోయారు.

మరునాడు ఎగరేసే ముందు మారిముత్తు ఆ అద్దాన్ని శుభ్రం చేశాడు, పంచె చెంగుతో. బొట్టు పోయింది. నూనె మాత్రం అద్దమంతా పల్చగా పరుచుకుంది. దాని మీద మా చేని దుమ్ము కూర్చుంది. చూసేవాళ్ళకు అది మామూలు అద్దమే. ఉషా చూసింది, బాగానే ఉందనుకుంది. విమానం లేచింది.

ఆ వారం చివర మా ఊరు పెద్దదైపోయింది. మా ఊరి మీద ఎండ మూడో వంతు తగ్గిపోయిందట! కంప్యూటరులో గీత పడిపోయిందట. ఇంత చిన్న ఊరి మీద ఇంత పొగా అని చెన్నైలో ఆశ్చర్యపోయారట. ఆ మాట నోటి నుంచి నోటికి పడి, ఒక ఆఫీసు దాకా వెళ్ళింది. ఏ ఆఫీసన్నది ఎందుకులెండి. అక్కడి నుంచి జీపులో ఒకాయన వచ్చాడు. చుట్టూ చూశాడు. ఏడు మైళ్ళ అవతల పెద్ద రోడ్డు మీద లారీలు వరసగా పోతూనే ఉన్నాయి, అవి ఆయనకు కనిపించేటంత దగ్గర లేవు. నా గానుగ కొట్టం దగ్గరగా ఉంది. దాని గొట్టం నల్లగా ఉంది. విచారణ తేలేదాకా పొయ్యి అంటించవద్దని నోటిమాటగా చెప్పి, చెరకు రసం తాగి వెళ్ళాడు.

అప్పటికి నేను ఆ ఏడాది పొయ్యి ఇంకా ముట్టించనేలేదు. ఆ సంగతి చెప్పబోతే, పోయిన ఏడాది పొగ అయి ఉండవచ్చు అన్నాడు.

ధనలక్ష్మి మాత్రం నన్ను ఓదార్చింది.

"అత్తా, మన కొప్పెర పొగ సూర్యుణ్ణే మింగిందంట. నువ్వింత గట్టిదానివని నాకు తెలీకపోయె."

గొప్పే. కానీ తోటలో చెరకు పక్వానికి వచ్చి నిలబడి ఉంది. కొట్టకుండా వదిలేస్తే ఎండి, రసం పోయి, పూత తీస్తుంది. కొట్టి పెట్టుకుంటే పులుస్తుంది. ఎట్లా చూసినా దానికి పొయ్యి కావాలి. రోజూ తోటలోకి వెళ్ళి ఒక గడ విరిచి నమిలి చూసేదాన్ని. తీపి తగ్గిందేమోనని భయం. భయంతో నమిలితే చెరకు కూడా చప్పగానే ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇంతలో మా ఊళ్ళో రెండో విచారణ మొదలైంది. దానికి అధ్యక్షురాలు మునివెంకటమ్మ. ఆ విచారణకు విమానం అక్కర్లేదు, కంప్యూటరు అక్కర్లేదు, కుళాయి దగ్గర బిందె ఉంటే చాలు.

"నేనపుడే అనుకొంటిని. శుభానికి ఆ చెయ్యి ముందుకు రావచ్చునా? ఎండే పోయింది చూడండి. ఇంకేం పోవాల్సుందో."

చూశారా, ఎంత అదృష్టం నాది! శాస్త్రం ఒక దారిలో, మా తోడికోడలు ఇంకో దారిలో బయలుదేరి, ఇద్దరూ వచ్చి నా దగ్గరే కలిశారు. ఎండ తగ్గడానికి కారణం సౌభాగ్యం అని ఇద్దరూ ఒప్పుకున్నారు. లోకంలో ఇంత ఏకాభిప్రాయం దేని మీద ఉంది?

లోకనాథన్ గారు తిరిగొచ్చారు. అనుమానం తీర్చుకుందామని అట్లాంటిదే ఇంకో అద్దం చెన్నై నుంచి తెచ్చి, చేనిలో ముక్కాలి మీద నిలబెట్టారు. అది ఎండ పూర్తిగా ఉందన్నది. పైన ఎగిరిన అద్దం మూడో వంతు ఎండ లేదన్నది. పైకి పోయేకొద్దీ ఎండ తగ్గడమేమిటని ఆయన తల పట్టుకున్నారు. ఉషా విమానాన్ని నీడకు తెచ్చి, వీపు మీది అద్దాన్ని వేలితో రాసింది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. చుట్టూ చూసింది. ఆ పిల్ల చెన్నై పిల్లే కానీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, నన్ను అవ్వా అంటుంది.

"అవ్వా, పూజ రోజు కుంకుమలో ఏమైనా కలిపినారా?"

అందరూ ఉన్నారు. మా మరిది ఉన్నాడు. మునివెంకటమ్మ కొంగు సర్దుకుని ముందు వరుసలో ఉంది. చెబితే ఆమె మాట గెలుస్తుంది, నా చెయ్యి తగిలే కదా పాడయింది! చెప్పకపోతే చెరకు ఎండుతుంది. ఇట్లాంటప్పుడు గొప్పవాళ్ళు సత్యం కోసం నిలబడతారని చదివాను. నేను బెల్లం కోసం నిలబడ్డాను.

"నువ్వుల నూనె. గాలికి రాలిపోతుందని కలిపినాను."

ఉషా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. లోకనాథన్ గారు చాలాసేపు ఆకాశం వైపు చూశారు, దానికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. మునివెంకటమ్మ వేరే ఏమీ అనాల్సిన అవసరం లేని ముఖం పెట్టింది.

అద్దాన్ని స్పిరిటుతో తుడిచి మళ్ళీ ఎగరేశారు. మా ఊరికి సూర్యుడు తిరిగొచ్చాడు. పొగ అసలు లేదని కాదు. పొద్దుటి వంటపొయ్యిలదీ, రోడ్డు మీది లారీలదీ, దుమ్ముదీ కలిసి కాస్త ఉందట. నాదీ ఉంటుందట, పొయ్యి అంటిస్తే. నోటిమాటగా వచ్చిన ఉత్తరువు నోటిమాటగానే పోయింది. ఫోనులో చెప్పారు. ఈసారి రసం తాగడానికి ఎవరూ రాలేదు.

ఆ రోజే లోకనాథన్ గారు ఒక కట్టడి పెట్టారు. ఇక మీదట ఆ అద్దాన్ని ఎవరూ ముట్టకూడదు. ముత్తైదువ అయినా, నా లాంటిదైనా, మగవాడైనా, మారిముత్తు అయినా సరే. ఎవరి చెయ్యయినా దానికి ఒకటేనట. నాకు ఎన్నో కట్టడులు తెలుసు. అన్నీ నాకు మాత్రమే వర్తించేవి. మునివెంకటమ్మతో సమానంగా నా మీద పడ్డ మొదటి కట్టడి ఇదే! ఆ ఆనందంలో ఆమెకు కొంచెం పొరి పెట్టాను. తీసుకోలేదు.

తెల్లవారుతూనే మునియన్ మనుషులతో వచ్చి చెరకు కొట్టాడు. గానుగ తిరిగింది. కొప్పెర నిండింది. ఇక నిప్పు పెట్టాలి. ఆ ఏటి మొదటి నిప్పు మాత్రం ముత్తైదువ చేతి మీదుగా పడాలని మా వైపు ఆచారం. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నేనే పెట్టేదాన్ని. తరువాత ఏటా మునివెంకటమ్మ వచ్చి పెట్టేది, నేను వెనక నిలబడేదాన్ని. ధనలక్ష్మి పెట్టవచ్చు కానీ, ఆమె కాన్పుకని పుట్టింటికి బయలుదేరి వెళ్ళింది.

మనిషిని పంపితే మునివెంకటమ్మ ఇంట్లో లేదు. తొప్పూరులో వాళ్ళ అన్నగారింటికి పోయిందట. గవర్నమెంటు మూయించిన పొయ్యి తన చేత్తో తెరవడం తనకు మంచిది కాదని చెప్పి పోయిందట. మా మరిది వచ్చి, నేను పోయి పిలుచుకొస్తాను వదినె, సాయంకాలానికి వచ్చేస్తాం అన్నాడు. బతిమాలించుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది, న్యాయమే. కొప్పెరలో రసం ఆ న్యాయం తెలుసుకోదు. ఎండెక్కితే పులుస్తుంది. మునియన్ రసం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

చేనిలో ఉషా విమానాన్ని ఎగరేసి కుర్చీలో కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళాను.

"ఉషమ్మా, ఇప్పుడు నేను పొయ్యి అంటిస్తే మీ విమానానికి తెలుస్తుందా?"

"తెలుస్తుందవ్వా. పొగ వస్తే గీత లేస్తుంది."

"ఎవరు అంటించినారనేది?"

ఆ పిల్ల కంప్యూటరు మీది నుంచి కళ్ళెత్తి నన్ను చూసింది. ఆయుధపూజ రోజున కూడా అక్కడే ఉన్న పిల్ల. తట్ట కోసం చాపిన చెయ్యి ఆమె కూడా చూసే ఉంటుంది.

"అది తెలీదవ్వా. పొగ ఎంతుంటే అంతే."

వెళ్ళి అంటించాను. పిప్పి ఒక్కసారిగా అందుకుంది. మునియన్ మనుషులు పని ఆపి చూశారు. తరువాత ఒకడు గరిటె తీసుకున్నాడు, ఇంకొకడు పిప్పి ఎగదోశాడు. రసం పొంగింది, చిక్కబడింది, రంగు తిరిగింది, అచ్చుల్లో గట్టిపడింది. అవతల చేనిలో గీత లేచిందని ఉషా చెయ్యి ఊపింది. నా చేతి నిప్పుకు ఎంత లేవాలో అంతే లేచిందట, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

అందుకే చెబుతున్నాను, ప్రతి ఊరికీ ఇట్లాంటి విమానం కావాలి. వాతావరణం కోసమని అర్జీలో రాయండి, అట్లా రాస్తేనే పంపిస్తారు. మీ ఊళ్ళో స్తంభం పక్కన నిలబడే మనిషి ఉంటే, మొదటి రోజు ఆమెను విమానం నడిపే కుర్చీకి దగ్గరగా కూర్చోబెట్టండి.

సాయంకాలం మునివెంకటమ్మ తొప్పూరు నుంచి దిగింది. పొయ్యి చల్లారుతోంది, బెల్లం అచ్చులు ఆరుతున్నాయి. ఎవరు అంటించారని అడగలేదు. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించింది.

"తీపి కొంచెం తగ్గిండాది అక్కా."

అంటూనే రెండో ముక్క తీసుకుంది.

ఎంత తగ్గిందో కొలిచే యంత్రం ఉందా అని లోకనాథన్ గారిని అడిగాను. అట్లాంటిది ఇంకా ఎవరూ చేయలేదన్నారు. వచ్చేదాకా మా ఊళ్ళో దానికి మునివెంకటమ్మ నాలుకే కొలత.